పక్షివిశేషం

హంస, చక్రవాకం, చకోరం, సారసం, క్రౌంచం — ఈ పక్షులతో నాకున్నంత పరిచయం మా వీధిలోవాళ్ళతో కూడా లేదు. ఇరవై రెండేళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను గదా! హంస నీళ్ళను విడిచి పాలు మాత్రం ఎలా తాగుతుందో, చకోరం వెన్నెల కోసం ఎలా నోరు తెరుచుకు కూర్చుంటుందో అడిగితే గంటసేపు ఆగకుండా చెప్పగలను. వీటి మీద ప్రశ్నలిచ్చాను, మార్కులు వేశాను. చకోరం నీళ్ళు తాగిందని రాసిన కుర్రవాడొకడికి రెండు మార్కులు తగ్గించాను కూడా. ఇన్నేళ్ళలో వీటిలో ఒక్కదాన్నయినా కళ్ళారా చూచిన పాపాన పోలేదు. చూడలేదన్న సంగతే నాకు తోచలేదు.

తోచేలా చేసినవాడు మా డిగ్రీ రెండో సంవత్సరం కుర్రవాడు. 2023 ఆగస్టులో ఒకనాడు క్లాసులో సాయంకాల వర్ణన చెబుతున్నాను. సూర్యుడు కుంకాడు, కమలాలు ముడుచుకున్నాయి, చక్రవాక దంపతులు విడిపోయి, ఏటికి ఆ వొడ్డున ఒకటీ ఈ వొడ్డున ఒకటీ చేరి, తెల్లవార్లూ ఒకదాన్నొకటి పిలుచుకుని ఏడుస్తున్నాయి. మన కావ్యాలలో పొద్దు కుంకిందంటే ఈ జంటకు ఎడబాటు తప్పదు. (ప్రబంధకవులు జక్కవలను పట్టపగలు కూడా వాడుకుంటారు. దేనికి ఉపమానంగా వాడుకుంటారో తెలుగు చదివినవారికి నేను చెప్పనక్కరలేదు. ఆ పద్యాలు వచ్చినప్పుడు గొంతు సవరించుకుని, గడియారం చూచుకుని, తరువాతి పద్యానికి పోతుంటాను.) వెనక బెంచీలోంచి ఈ కుర్రవాడు లేచాడు.

"సార్, చక్రవాకమంటే ఏ పిట్ట సార్?"

"జక్కవ" అన్నాను.

"జక్కవంటే ఏ పిట్ట సార్?"

"చక్రవాకం."

క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు. "మాది సింగూరు కట్ట పక్క వూరు సార్. చలికాలంలో మా చెరువులో, డ్యాము నీళ్ళలో వందల పిట్టలు దిగుతాయి. వాటిలో ఇది ఏది సార్?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అదే నా ప్రాణానికి వచ్చింది. "అదొక పక్షివిశేషం. కూర్చో" అన్నాను.

ఆ మాట నా సొంతం కాదు. మన నిఘంటుకర్తలు ప్రసాదించిన వరం. ఏ పిట్ట పేరు చూచినా, ఏ చెట్టు పేరు చూచినా 'పక్షివిశేషము', 'వృక్షవిశేషము' అని వూరుకుంటారు. పేరు తెలిసింది, పిట్ట ఎగిరిపోయింది! ఆ సాయంత్రం ఇంటికి పోయి పుస్తకాలు దించాను. చక్రవాకమంటే కాషాయరంగు బాతు. ఇంగ్లీషువాళ్ళు బ్రాహ్మినీ డక్ అనీ, రడ్డీ షెల్‌డక్ అనీ అంటారు. సంస్కృత సాహిత్యంలోని పక్షుల మీద కె. ఎన్. దవే రాసిన పెద్ద గ్రంథం 1985లో వచ్చింది. ఈ పేర్ల వెనుక వున్న పిట్టలను ఒక్కొక్కటే వెదికి పట్టుకున్న పుస్తకమది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు రాసిన పక్షిశాస్త్ర గ్రంథాలలో ఈ బాతుకు తెలుగు పేరు కూడా వుంది — బాపన చిలువ. ఎవరో వేటగాణ్ణో, బెస్తవాణ్ణో అడిగి రాసుకుని వుంటారు. తెలుగు ఎమ్మే చదివిన నాకు తెలియని తెలుగు మాట పరాయిదేశపువాడి పుస్తకంలో దొరకడం గర్వించదగిన విషయమేమీ కాదు.

ఇంకొక సంగతి కూడా తెలిసింది. ఈ బాతులు లడఖ్, టిబెట్టు ఎత్తుల్లోనూ, మధ్య ఆసియాలోనూ గుడ్లు పెట్టుకుని, చలికాలానికి మనవైపు దిగివస్తాయి. సింగూరుకూ, దాని దిగువన మంజీరకూ వస్తాయి. అంటే సంగారెడ్డిలో నేను కాపురముంటున్న ఇంటికి ముప్ఫై మైళ్ళలోపు, ప్రతి యేటా, నా పాఠంలోని నాయికానాయకులు వచ్చి పోతున్నారన్నమాట.

సరే, చూడాలి. ఎలా?

డిసెంబరులో ఒకసారి ఆ కుర్రవాడితో పోయి చూశాను. నీటికవతల మట్టిదిబ్బ మీద ఇటుక పొడి చల్లినట్టు ఏవో చుక్కలు కనిపించాయి. "అవేనేమో సార్" అన్నాడు. అవేనేమో! బూరుగు దూది మూటలైనా కావచ్చు. రెండడుగులు నీళ్ళలోకి వేశామో లేదో చుక్కలన్నీ లేచిపోయాయి.

ఇంటికి వచ్చి సంగతంతా చెబితే మా ఆవిడ అన్నది: "ఏమండీ, అటక మీద ఆ గొట్టం మూడేళ్ళుగా దుమ్ము తింటున్నది. చుక్కలను చూడడానికే కదా కొన్నారు? ఇవీ చుక్కలేనంటున్నారుగా!"

ఆ గొట్టానికి ఒక కథ వుంది. 2020 డిసెంబరు 21న గురుడూ శనీ ఆకాశంలో దాదాపు ఒకదానినొకటి తాకేటంత దగ్గరగా వచ్చాయి. పూర్ణచంద్రుడి వెడల్పులో అయిదో వంతు ఎడం మాత్రమే వుందప్పుడు. అప్పటికి మా అమ్మాయి ఎనిమిదో తరగతి. "నాన్నా, మళ్ళీ ఇంత దగ్గరగా 2080లో గాని రావట" అన్నది. ఆ సంవత్సరం నాకు బాకీ వున్నట్టుగా వినిపించింది. టెలిస్కోపు తెప్పించాను. ఆ సాయంత్రం మేడ మీద ముగ్గురమూ వంతులవారీగా చూచాము. శని వలయం చిన్న చెవిపోగులా కనిపించింది. ఆ తరువాత పది రోజులు చంద్రుణ్ణి చూచి, అటక ఎక్కించాము. ప్రతి ఇంట్లోనూ ఇటువంటి వస్తువు ఒకటి వుంటుంది. కొందరిళ్ళలో అది హార్మోనియం.

మరునాడు దాన్ని దించి తుడిచి, మేడ మీద పెట్టి, ఎదుటి సెల్‌టవరు మీద వాలిన పావురాన్ని పట్టాను. పావురం కన్ను, కంటి చుట్టూ ఎర్రటి అంచు, మెడ మీద ఆకుపచ్చా వూదా కలిసిన మెరుపు — నేను పుట్టి నలభై ఆరేళ్ళయింది, పావురాన్ని చూడలేదని అప్పుడు తెలిసింది.

చూడడమే కాదు, ఫోటో తీసి ఆ కుర్రవాడికి చూపించాలని పట్టుదల కలిగింది. ఇది చాలామంది చేస్తున్నదే. 1999లో మలేసియాకు చెందిన లారెన్స్ పో అనే పక్షిప్రేమికుడు తన టెలిస్కోపుకు మామూలు డిజిటల్ కెమెరాను ఆనించి ఫోటోలు తీసి, లోకానికి చూపించాడు. అప్పటినుంచీ ఇదొక విద్య అయి కూర్చుంది. దీనికి లక్షల రూపాయల లెన్సులు అక్కర్లేదు. అయితే ఓర్పు కావాలి. ఇంట్లో వాళ్ళకు మరికాస్త ఎక్కువ కావాలి.

కిటుకు చెబుతాను. టెలిస్కోపులో ముందున్న పెద్ద కటకం దూరపు వస్తువు బొమ్మను గొట్టం చివర కడుతుంది. కంటి దగ్గరుండే ఐపీసు ఆ చిన్న బొమ్మను భూతద్దంలా పెద్దది చేస్తుంది. మా గొట్టానికి కటకం వెడల్పు 70 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 700. ఐపీసు నాభ్యంతరం 25. ఏడువందలను ఇరవై అయిదుతో భాగిస్తే 28. అన్ని రెట్లు పెద్దగా కనబడుతుంది. ఇప్పుడు మన కన్ను వుండవలసిన చోట కెమెరా కన్ను పెట్టడమే మనం చేసే పని. మా బావమరిది పారేయబోయిన పాత చిన్న కెమెరా ఇందుకు అద్భుతంగా పనికి వచ్చింది. నిజానికి పెద్ద కెమెరా కంటే చిన్నదే నయం. ఐపీసులోంచి బయటికి వచ్చే వెలుగు కాడ రెండున్నర మిల్లీమీటర్ల లావే వుంటుంది. పెద్ద లెన్సులకు అది చాలదు. బొమ్మ చుట్టూ నల్లటి వలయం మిగులుతుంది. సెల్‌ఫోనుకూ ఈ సౌకర్యం వుంది. దాన్ని బిగించే పట్టీలు బజారులో దొరుకుతాయి. పెద్ద కెమెరా వున్నవాళ్ళు దాని లెన్సు తీసేసి, ఐపీసు కూడా తీసేసి, రింగు బిగించి టెలిస్కోపునే లెన్సుగా వాడుకుంటారు. అది శ్రీమంతుల పద్ధతి. మన కథలోకి రాదు.

కెమెరాను చేత్తో ఆనిస్తే కుదరదు. వెంట్రుకవాసి కదిలితే నల్ల చంద్రవంక వచ్చి పిట్టను మింగేస్తుంది. ప్లంబింగు సామాన్ల కొట్లో పి.వి.సి. గొట్టం జాయింటు ఒకటి కొన్నాను. అది ఐపీసు మీద వదులైంది. మా ఆవిడ పాత వెల్వెట్ జాకెట్టు చేతికొసను త్యాగం చేసింది. గొట్టానికి లోపల ఆ గుడ్డ అంటించి, రెండోవైపు కెమెరాను రబ్బరు బ్యాండ్లతో కట్టాను. చూచినవాళ్ళు ఇదేదో బాంబనుకునే ప్రమాదం మాత్రం వుంది.

ఇక చిక్కులు మొదలయ్యాయి. నక్షత్రాల టెలిస్కోపుకు నక్షత్రాలు ఎప్పుడూ ఒకే దూరం — అనంతం. ఎటు తిప్పినా ఫోకసు మారదు. పిట్ట అలా కాదు. రెండువందల మీటర్ల దూరాన వున్నప్పుడు ఐపీసును రెండున్నర మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే చాలు. అదే పిట్ట ఇరవై మీటర్లలోకి వస్తే పాతిక మిల్లీమీటర్లు జరపాలి. జరిపేలోపల అది వెళ్ళి వేరే చెట్టు మీద వాలుతుంది. రెండో చిక్కు — ఈ గొట్టంలో వుండే అద్దం ఎడమను కుడిగా చూపిస్తుంది. శనిగ్రహానికి ఎడమైతేనేం, కుడైతేనేం? మా ఎదుటివాళ్ళ జామచెట్టు మీది లకుముకి పిట్ట మాత్రం ఎడమకు నడిస్తే నేను గొట్టాన్ని కుడికి తిప్పుతాను. అది గోదావరి, నేను కృష్ణ. వారం రోజులు ఇలా యాతనపడి చివరికి బొమ్మను సరిగా నిలబెట్టే పట్టకం ఒకటి తెప్పించాను.

మూడోది ఆశ. మా దగ్గర 10 మిల్లీమీటర్ల ఐపీసు కూడా వుంది. అది పెడితే డెబ్బై రెట్లు! ఇరవై ఎనిమిది కంటే డెబ్బై గొప్పది కాదా? పెట్టి చూశాను. పిట్ట పెద్దదయింది, వెలుతురు ఆరోవంతుకు పడిపోయింది, మేడ మెట్ల మీద ఎవరో నడిస్తే బొమ్మకు భూకంపం వచ్చింది. పైగా తొమ్మిది గంటలు దాటితే నేల మీది వేడిగాలి లేచి ఎండమావిలా ఆడుతుంది. ఆ కదలికను కూడా డెబ్బై రెట్లు పెంచి చూపిస్తుంది. మళ్ళీ పాతిక మిల్లీమీటర్ల దానికే వచ్చాను. బటను నొక్కిన రెండు సెకన్లకు ఫోటో తీసే ఏర్పాటు కెమెరాలో వుంటుంది. అది పెట్టుకుంటే వేలి వణుకు తప్పుతుంది. ముక్కాలి పీట గాలికి వూగకుండా అయిదు కిలోల బియ్యపు సంచి వేలాడగట్టాను. "ఆదివారం వంటకు బియ్యం ఎక్కడున్నాయంటే టెలిస్కోపుకు వేలాడుతున్నాయని చెప్పాల్సి వస్తున్నది" అని మా ఆవిడ పక్కింటావిడతో అనడం నా చెవిన పడింది.

2024 ఫిబ్రవరి మొదటి ఆదివారం తెల్లవారుజామున, ఇంకా చీకటి వుండగానే సింగూరు జలాశయం వొడ్డుకు చేరాము. నిండితే దాదాపు ముప్ఫై టి.ఎం.సి.లు పట్టే జలాశయమిది. చలికాలం ముదిరేకొద్దీ నీళ్ళు తగ్గి అంచుల్లో మట్టిదిబ్బలు నాలుకల్లా బయటపడతాయి. పిట్టలకు కావలసిందదే. నేనూ, మా అమ్మాయీ, ఆ కుర్రవాడూ, వాడి తాతా. తాతగారికి డెబ్బై అయిదేళ్ళు దాటాయి. డ్యాము లేని రోజుల్లో మంజీరలో వల వేసిన మనిషి. కళ్ళలో శుక్లాలు, ఎదుటి మనిషిని గొంతును బట్టే గుర్తుపడతాడు. ఆయన ఎందుకు వచ్చాడో నాకు అర్థం కాలేదు. మనవడు తోడుగా తెచ్చాడనుకున్నాను.

గొట్టం నిలబెట్టి, బియ్యం వేలాడగట్టి, వెలుతురు కోసం కూర్చున్నాము. మంచు. అవతల ఏమీ కనిపించడం లేదు. ఇంతలో నీటి మీదుగా ఒక కేక వచ్చింది. 'ఆంగ్' అన్నట్టుగా, ముక్కుతో పిలిచినట్టుగా. ఎక్కడో దూరం నుంచి, ఇంకో దిక్కు నుంచి, దానికి బదులు. మళ్ళీ ఇటునుంచి. మళ్ళీ అటునుంచి.

తాత తల ఎత్తాడు. "ఇంటున్నరా సారూ? బాపనచిలువలు."

నాకు వొళ్ళు ఝల్లుమన్నది. నూటయాభై ఏళ్ళనాటి ఇంగ్లీషు పుస్తకంలో చదివిన మాట, పక్కనే బీడీ ముట్టించుకుంటున్న మనిషి నోటి వెంట వచ్చింది.

"ఎందుకు అలా పిలుచుకుంటున్నాయి?" అని అడిగాను.

"రాత్రి మేతకు పోతయి సారూ. చీకట్ల ఒకటి గీడ మేస్తది, ఒకటి గాడ మేస్తది. యాడున్నవంటే యాడున్నవని ఒర్లుకుంటయి. తెల్లారితే మల్ల ఒక్కతాన చేరుతయి. జోడు ఇడువయి."

అంతే. కాళిదాసునాటి నుంచీ వస్తున్న కవిసమయానికి ఇంతకు మించిన వ్యాఖ్యానం నేను చదవలేదు. ఈ బాతులు రాత్రివేళే ఎక్కువగా తిరిగి మేస్తాయని పక్షిశాస్త్రమూ చెబుతుంది. ఏ కవో చీకటిలో ఏటి వొడ్డున కూర్చుని ఆ పిలుపులు విన్నాడు. చూడలేదు గనుక ఏడుపనుకున్నాడు. ఏడుపు అనుకోవడం ఆయన తప్పు కాదు. నేను ఆపాటి వినను కూడా లేదు!

మంచు విడింది. ఇరవై ఎనిమిది రెట్ల గొట్టంలో రెండువందల మీటర్ల దూరాన ఆరు మీటర్ల వెడల్పు మేర మాత్రమే కనిపిస్తుంది. వెదకడం గడ్డివాములో సూది వ్యవహారమే. ముందు నారాయణ పక్షి ఒకటి, సన్యాసిలా, వచ్చింది. తరువాత తల మీద రెండు నల్లచారలున్న పెద్ద బాతులు — ఇవి హిమాలయాలను దాటి వస్తాయి. ఇవే మన హంసలని వాదించేవాళ్ళున్నారు. (హంస నడక గురించి నేను చెప్పిన పాఠాలు గుర్తు చేసుకుని కొంచెం దిగులు పడ్డాను. అది నడక కాదు, బురదలో వుద్యోగం.) గొట్టాన్ని ఇంకొంచెం జరిపితే, అప్పుడే పడుతున్న ఎండలో, కావిరంగు ముద్దలు రెండు.

తల లేత మీగడరంగు. వొళ్ళంతా కాగిన ఇటుక రంగు. ఒకదానికి మెడ చుట్టూ సన్నటి నల్లటి పట్టె — మగది. వసంతం దగ్గర పడేకొద్దీ ఆ పట్టె స్ఫుటమవుతుందట. ఆడదాని మొహం ఇంకాస్త తెల్లన. అది ఈకలు దువ్వుకుంటున్నది. మగది మెడ నిక్కించి మావైపే చూస్తున్నది. వాటికి మేము కనిపిస్తూనే వుండాలి, కాని మేమున్న దూరం వాటికి సమ్మతమే. టెలిస్కోపుతో వున్న పెద్ద మేలు ఇదే: పిట్ట తన పని తాను చేసుకుంటుంది. కెమెరా పట్టుకుని గూళ్ళ మీదికి పోయేవాళ్ళను చూస్తే నాకు ఇప్పుడు కోపం వస్తుంది.

నూటపద్ధెనిమిది ఫోటోలు తీశాము. మా అమ్మాయి ఫోకసు, నేను బటను. పొద్దెక్కేకొద్దీ సూర్యుడు అదే దిక్కుకు వస్తూండడంతో గొట్టం మీద తువ్వాలు కప్పి పని ముగించాము. పొరబాటున సూర్యుణ్ణి ఈ గొట్టంలో చూస్తే కన్ను ఆ క్షణాన్నే పోతుంది. పిల్లలున్న ఇళ్ళలో ఈ మాట రెండుసార్లు చెప్పాలి. ఫోటోల్లో ఎనభై దాకా మసక. ఇరవైలో పిట్ట తల చట్రం బయట. కొన్నింటిలో నల్ల చంద్రవంక. పనికివచ్చేవి మూడు. వాటిలో ఒకటి, రెండూ కలిసి ఒకే దిక్కుకు చూస్తున్నది. అంచుల్లో కొంచెం వూదారంగు జీర వుంది. చవకరకం కటకానికి అది తప్పదు.

కుర్రవాడు ఐపీసులో చాలాసేపు చూచాడు. లేచి, "ఇవా సార్? ఇవి మా పొలంలోకి కూడా వస్తాయి" అన్నాడు.

తాతను కూడా చూడమన్నాను. కంటి శుక్లానికి ఏ టెలిస్కోపూ మందు కాదు. ఆ సంగతి అడిగాక గాని నాకు తట్టలేదు. ఆయన వంగి, కన్ను ఆనించి, కాసేపు అలాగే వుండి, "మబ్బు లెక్క గనబడుతున్నది సారూ. ఎర్రగ ఉన్నదా?" అని అడిగాడు. "ఎర్రగా వుంది" అన్నాను. "రెండున్నయా?" "రెండున్నాయి." "అయితే అవే" అని వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు క్లాసులో ఆ ఫోటో చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను — ఆగస్టులో నేనిచ్చిన జవాబుతో సహా. ఆ మధ్యాహ్నమే చకోరం విద్యార్థి జవాబు పత్రం గుర్తుకు వచ్చింది. ఆ పిల్లవాడు పాసై వెళ్ళిపోయి ఆరేళ్ళయింది. రెండు మార్కులు ఇప్పుడెలా తిరిగి ఇస్తాను? చకోరమని చెప్పే కౌజు జాతి పక్షి హిమాలయాల వైపుది. అది నీళ్ళే తాగుతుంది.

ఫోటో ఒకటి పెద్దది చేయించి తాతకు పంపాను. గోడకు తగిలించారట. కంటికి ఆపరేషను చేయించుకొమ్మని మనవడితో కబురు పంపుతూనే వున్నాను. "గిప్పుడు ఏం జూసేదున్నది" అంటున్నాడట. 2024 వర్షాకాలంలో సింగూరు నిండింది. 2025 జనవరిలో మేము మళ్ళీ వెళ్ళేసరికి మా మట్టిదిబ్బ నీళ్ళకింద వుంది. చీకట్లో అవతలెక్కడినుంచో ఒక్కసారి పిలుపు వినిపించింది గాని, గొట్టానికి అందలేదు. దిబ్బ బయటపడిననాడు ఫోను చేయిస్తానన్నాడు తాత. టెలిస్కోపు ఇప్పుడు అటక మీద లేదు. హాల్లో, తలుపు వెనకాల, బియ్యపు సంచితో సహా నిలబడి వుంది.